చెహ్లుం

మన ఇళ్లల్లో మయ్యత్ అయిన మూడో రోజు జియారత్. ఆ తర్వాత దస్వాఁ, బీస్వాఁ, ఆఖర్న చెహ్లుం. కొందరు చాలీస్వాఁ అంటారు. పల్లెల్లో నలబై రోజుల ఫాతెహా అనేస్తారు. ఇది చెయ్యొచ్చా, బిద్అతా అని మస్జిద్ బయట చెప్పులేసుకుంటూ గంటలకొద్దీ బహస్ చేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ బహస్‌లోకి నేను పోను. నాకు తెలిసింది ఒక్కటే. మయ్యత్ రోజు ఎవరికీ మాట రాదు. నలబయ్యో రోజుకు నోరు పెగులుతుంది. ఖురాన్ చదవడం అయ్యాక, దస్తర్‌ఖాన్ మీద ఖానా పెట్టాక, పోయిన మనిషి గురించి మాటలు మొదలవుతాయి. ఎలా బతికాడు, ఎలా పోయాడు, ఎవరి వల్ల పోయాడు. ఆ మూడో మాట దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్లు గొంతు తగ్గిస్తారు.

1978లో ఇరాన్‌లో ఆ మూడో మాట దగ్గర ఎవరూ గొంతు తగ్గించలేదు. ఒక చెహ్లుం ఇంకో చెహ్లుంకు దారితీసింది, అది మరో దానికి. ఏడాది తిరిగేసరికి ఆ దేశంలో బాద్‌షాహత్ లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇరాన్ ఖబర్ టీవీలో వచ్చిన ప్రతిసారీ మన ఖాన్‌దాన్ గ్రూపుల్లో జరిగే గొడవ మీకూ తెలుసు. నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ అదే గొడవ. మా పెద్దమామూ గోడకు ఖుమైనీ తస్వీర్ ఉండేది. ఏదో ఉర్దూ రిసాలాలోంచి కత్తిరించి ఫ్రేం కట్టించుకున్నాడు. "అమ్రీకా కళ్లల్లో కళ్లు పెట్టి మాట్లాడిన ఒకే ఒక్క ముసల్మాన్" అనేవాడు. చిన్నచచ్చా జిద్దాలో పదేళ్లు పనిచేసి వచ్చాడు. ఆయన ఆ ఫోటో వంక చూసి "వాళ్లు షియాలు మామూ, వాళ్లతో మనకేంటి" అనేవాడు. ఇద్దరూ అల్లాకు ప్యారే అయిపోయారు. బహస్ మాత్రం ఫోన్లలోకి వచ్చి కూర్చుంది. ఒకరికి ఇరాన్ అంటే మొత్తం ఇమాన్, ఇంకొకరికి మొత్తం ఫిత్నా. అసలు అక్కడ ఏం జరిగిందో ఇద్దరికీ అక్కర్లేదు.

నేను అఖ్బార్ మనిషిని. ముందు ఏం జరిగిందో రాసుకుని, ఆ తర్వాత ఎవరి వైపు అని అడగడం నా ఆదత్. కాబట్టి మొదట్నించీ చెప్తాను.

షా మొహమ్మద్ రెజా పహ్లవీది పాత రాజవంశమేం కాదు. వాళ్ల నాన్న రెజా ఖాన్ ఫౌజీ ఆఫీసర్. 1921లో ఫౌజ్‌తో తెహ్రాన్ వచ్చి, 1925లో తఖ్త్ మీద కూర్చున్నాడు. రైలు వేశాడు, యూనివర్సిటీ కట్టాడు. అదే చేత్తో 1936లో ఆడవాళ్ల చాదర్ మీద బందీ పెట్టాడు. కష్ఫె హిజాబ్ అన్నారు దాన్ని. పోలీసులు రోడ్డు మీద ఆడవాళ్ల తలల మీంచి చాదర్ లాగేశారు. గడప దాటితే ఇజ్జత్ పోతుందని ఏళ్ల తరబడి ఇల్లు కదలని ఆడవాళ్లు ఎంతోమంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

1941లో బ్రిటిష్‌వాళ్లు, రష్యావాళ్లు కలిసి ఇరాన్‌లో దిగి రెజా షాను దించేశారు. 21 ఏళ్ల కొడుకును కూర్చోబెట్టారు. అప్పటికే ఆ దేశం కడుపులో చమురుంది. 1908లో మొదట దొరికిన చోటు పేరు మస్జిదె సులేమాన్. పేరు మనది, తీసుకుపోయేది ఇంగ్లీషోడు. 1951లో ప్రధానమంత్రి మొసద్దెక్ ఈ చమురు మా మిల్కియత్ అని జాతీయం చేశాడు. ఆయన మౌల్వీ కాదు, ఇంఖిలాబీ కూడా కాదు. యూరప్‌లో చదువుకున్న వకీలు, పార్లమెంటు మనిషి. 1953 ఆగస్టు 19న అమెరికా సీఐఏ, బ్రిటన్ గూఢచారి సంస్థ కలిసి ఆయన్ని పడగొట్టించాయి. మధ్యలో భయపడి రోమ్ పారిపోయిన షాను తిరిగి తెచ్చి కూర్చోబెట్టారు. ఆ పనిలో తమ చెయ్యి ఉందని సీఐఏ కాగితాలే 2013లో ఒప్పుకున్నాయి.

ఓటు పెట్టెతో వచ్చిన మనిషిని బయటివాళ్లు అలా తీసేశాక, ఇరానీలకు ఇన్సాఫ్ అడిగే చోటు ఏది మిగిలింది? పార్టీలు లేవు. 1957 నుంచి సావాక్ అనే ఖుఫియా పోలీసు. హాస్టల్ గదుల్లో, బాజార్ దుకాణాల్లో వాళ్ల చెవులే. మిగిలిన జాగా రెండే. ఒకటి మస్జిద్, రెండోది ఖబ్రస్తాన్.

షాకు తన అవామ్ ఎంత దూరమైపోయారో చూడాలంటే ఒక చిన్న సంగతి చాలు. 1971లో పర్సెపోలిస్ శిథిలాల దగ్గర 2500 ఏళ్ల బాద్‌షాహత్ జష్న్ చేశాడు. ఖానా పారిస్ నుంచి వచ్చింది. అదైనా డబ్బున్నోళ్ల షోకు అనుకోవచ్చు. 1976లో ఏకంగా క్యాలెండర్ మార్చేశాడు. హిజ్రీ లెక్క తీసేసి, సైరస్ చక్రవర్తి కాలం నుంచి లెక్క పెట్టమన్నాడు. 1355లో నిద్రపోయిన మనిషి 2535లో లేచాడు. నికాహ్‌నామాల మీద, పిల్లల పుట్టిన తారీఖుల మీద, ఖబ్ర్ రాళ్ల మీద కొత్త సంవత్సరం. ఎవరి సొమ్మూ పోలేదు, ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు. కానీ ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం హిజ్రత్ నుంచి లెక్కపెట్టుకునే ఇంట్లో ఆ మార్పు ఎలా గుచ్చుకుంటుందో మనకు చెప్పాలా?

1977 డిసెంబర్ 31 రాత్రి అమెరికా అధ్యక్షుడు కార్టర్ తెహ్రాన్ దావత్‌లో గ్లాసు ఎత్తి, ఈ గడబిడ ప్రాంతంలో ఇరాన్ ఒక నిలకడైన ద్వీపం అని షాను మెచ్చుకున్నాడు. సరిగ్గా వారం తిరిగింది. జనవరి 7న ఇత్తెలాఆత్ అఖ్బార్‌లో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాడి పేరు దొంగపేరు. వ్యాసం హుకూమత్ నుంచి వచ్చింది. అప్పటికి ఖుమైనీ పదమూడేళ్లుగా దేశం బయట ఉన్నాడు. 1964లో అమెరికా ఫౌజీలు తప్పు చేస్తే ఇరాన్ అదాలత్‌లో విచారణ ఉండదనే చట్టాన్ని తిట్టినందుకు జిలావతన్ చేశారు. మొదట తుర్కీ, ఆ తర్వాత నజఫ్. ఆ వ్యాసం ఆయన్ని ఇంగ్లీషోళ్ల మనిషి అంది, అసలు ఇరానీయే కాదు, హిందీ అంది.

హిందీ అంటే మనమే. ఖుమైనీ తాత సయ్యద్ అహ్మద్ మూసవీ మన బారాబంకీ దగ్గర కింతూర్ నుంచి వెళ్లినవాడు. ఆ తాతకు ఇరాన్‌లో హిందీ అనే పేరే నిలిచిపోయింది. ఖుమైనీ తను రాసుకున్న గజళ్లలో హిందీ అనే తఖల్లుస్ కూడా పెట్టుకున్నాడు. బాబర్ కీ ఔలాద్ అనీ, సరిహద్దు అవతలికి పొమ్మనీ తిట్లు తిన్న మనకు, "నువ్వు ఈ గడ్డవాడివే కాదు" అనే ఇల్జామ్ ఏ కార్ఖానాలో తయారవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ కార్ఖానా అన్ని దేశాల్లోనూ ఒకేలా పనిచేస్తుంది.

రెండు రోజులకు, జనవరి 9న, ఖుమ్ మద్రసాల తాలిబె ఇల్మ్‌లు రోడ్డెక్కారు. పోలీసులు కాల్చారు. ఎంతమంది పోయారన్నదాని మీద ఆ రోజే రెండు లెక్కలు.

నలబై రోజులు లెక్కపెట్టండి. ఫిబ్రవరి 18. ఖుమ్ షహీద్‌ల చెహ్లుం అన్ని ఊళ్లలో చెయ్యమని ఆయతుల్లా షరీఅత్‌మదారీ పిలుపిచ్చాడు. ఆయన సొంతూరు తబ్రీజ్. అక్కడ మస్జిద్ దగ్గర పోలీసులు అడ్డుపడ్డారు, గోలీ పేలింది, ఊరు ఊరంతా లేచింది. బ్యాంకులు, సినిమా హాళ్లు, షరాబు దుకాణాలు తగలబడ్డాయి. ట్యాంకులు వచ్చాయి. మళ్లీ మయ్యత్‌లు.

మళ్లీ నలబై రోజులు. మార్చి 30. ఈసారి యజ్ద్, ఇంకా ఎన్నో ఊళ్లు. మళ్లీ గోలీలు. మళ్లీ నలబై. మే 10. ఆ రోజు సిపాయిలు ఖుమ్‌లో షరీఅత్‌మదారీ ఇంట్లోకే దూరి ఒక విద్యార్థిని చంపారు.

హుకూమత్ చిక్కు చూడండి. జల్సా బంద్ చెయ్యొచ్చు, పార్టీ బంద్ చెయ్యొచ్చు, అఖ్బార్ బంద్ చెయ్యొచ్చు. పోయిన కొడుక్కి ఫాతెహా ఇచ్చుకుంటానంటే ఏ చట్టం కింద ఆపుతావు? ఆపకపోతే వెయ్యిమంది వస్తారు. ఆపితే ఇంకో నలుగురు పోతారు, వాళ్ల చెహ్లుం తారీఖు అప్పుడే ఖరారైపోతుంది. పిలుపు ఇవ్వక్కర్లేదు, పోస్టర్ అంటించక్కర్లేదు. పల్లెలో ముసలమ్మ కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలదు.

నజఫ్ నుంచి, అక్టోబర్ తర్వాత పారిస్ దగ్గరి చిన్న ఊరు నుంచి ఖుమైనీ బయాన్‌లు క్యాసెట్లలో వచ్చేవి. మనకు క్యాసెట్ కాలం గుర్తే. ఒక ఇంట్లో ఖవ్వాలీ టేపు వస్తే గల్లీ అంతా తిరిగేది. అక్కడ అలా తిరిగింది ఇంఖిలాబ్.

డిసెంబర్‌లో మొహర్రం వచ్చింది. కర్ఫ్యూ పెట్టారు. రాత్రి చీకట్లో జనం డాబాలెక్కి అల్లాహు అక్బర్ అని నారా ఇచ్చారు. ఏ డాబా మీద ఎవరో తెలియదు, ఊరంతా ఒకే గొంతు. డిసెంబర్ 10, 11 తారీఖుల్లో, తాసూఆ, ఆషూరా రోజుల్లో, తెహ్రాన్ వీధుల్లో లక్షల మంది నడిచారు. షాను యజీద్ అన్నారు.

ఆ మాటకున్న బలం అర్థం కావడానికి షియా అయ్యుండాల్సిన పనిలేదు. మన తెలుగు పల్లెల్లో పీర్ల పండగ చూసినవాళ్లెవరికైనా అర్థమవుతుంది. మన దగ్గర పీరు ఎత్తుకునేది చాలాచోట్ల హిందూ భాయే. అలావా చుట్టూ ఆడుతూ హసన్, హుసేన్ పేర్లు పలికే మనిషి ఏ మద్రసాలోనూ చదవలేదు. కానీ నీళ్లివ్వకుండా చంపినవాడు జాలిమ్ అని అతనికి తెలుసు. తఖ్త్ యజీద్‌ది, హఖ్ హుసేన్‌ది. పదమూడు వందల ఏళ్ల కిందటి ఆ లెక్క అన్ని ఊళ్లలోనూ ఇంకా తెగలేదు. ఖుమైనీ మాటలు ఆ లెక్క పుస్తకంలోనే రాసి ఉన్నాయి.

అయితే జులూస్‌లో నడిచింది మౌల్వీలొక్కరే కాదు. ఈ మాట మన బహస్‌లలో ఇటువాళ్లూ చెప్పరు, అటువాళ్లూ చెప్పరు. బాజార్ షట్టర్లు దించినవాళ్లు వ్యాపారులు. కమ్యూనిస్టులున్నారు, మొసద్దెక్‌ను గుండెల్లో పెట్టుకున్న నేషనలిస్టులున్నారు, అలీ షరీఅతీ లెక్చర్లు విని దీన్‌లోనే ఇంఖిలాబ్ వెతుక్కున్న కాలేజీ పిల్లలున్నారు. రోజూ తల కప్పుకోని అమ్మాయిలు కూడా షాకు చూపించడానికని చాదర్ వేసుకుని వచ్చారు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొట్టింది చమురు కార్మికులు. వాళ్ల హర్తాల్‌తో రోజుకు 50 లక్షల పీపాలకు పైగా తీసే దేశంలో చలికాలంలో ఇంట్లో వెలిగించుకోవడానికి కిరోసిన్ లేకుండా పోయింది. నా బిరాదరీ కూడా వెనకబడలేదు. ఫౌజీ సెన్సార్‌ను ఒప్పుకోమని అఖ్బార్ల వాళ్లు నవంబర్ నుంచి రెండు నెలలు హర్తాల్ చేశారు. జీతాల్లేకుండా.

1979 జనవరి 16న షా విమానం ఎక్కాడు. అఖ్బార్ల మొదటి పేజీలో రెండే మాటలు, ఇంత పెద్ద అక్షరాలతో: షా రఫ్త్. షా పోయాడు. ఏడాది కిందట ఖుమైనీని తిట్టిన ఆ ఇత్తెలాఆత్ కూడా అదే వేసింది. ఫిబ్రవరి 1న ఖుమైనీ దిగాడు. దిగి నేరుగా ఎక్కడికి వెళ్లాడు? మహల్‌కు కాదు, మస్జిద్‌కు కూడా కాదు. బెహిష్తె జహ్రాకు. అది తెహ్రాన్ ఖబ్రస్తాన్. ఏడాదంతా చెహ్లుంలు చేసుకున్న జనం అక్కడే నిలబడి ఆయన మాట విన్నారు. ఫిబ్రవరి 11కు ఫౌజ్ పక్కకు తప్పుకుంది. బాద్‌షాహత్ ఖతం.

ఇక్కడ నా పేషాకు సంబంధించిన రెండు మాటలు చెప్పాలి.

మొదటిది లెక్క. 1978 సెప్టెంబర్ 8న, జుమా రోజు, తెహ్రాన్ జాలె చౌక్‌లో ఫౌజ్ కాల్చింది. పొద్దున్నే మార్షల్ లా పెట్టారని చాలామందికి తెలియనే తెలియదు. వేలమంది పోయారని దేశమంతా నమ్మింది. ఇంఖిలాబ్ తర్వాత రాసుకున్న దస్తూర్ మొదటి పేజీల్లోనే 60 వేలకు పైగా షహీద్‌లు అని ఉంది. ఎన్నో ఏళ్లకు ఎమాదుద్దీన్ బాఘీ అనే ఇరానీ పరిశోధకుడు, షహీద్‌ల కుటుంబాల కోసం హుకూమతే పెట్టిన సంస్థ కాగితాలు చూసి లెక్క తీశాడు. జాలె చౌక్‌లో 64 మంది, ఆ రోజు మొత్తం 88 మంది. 1963 నుంచి 1979 దాకా అన్నీ కలిపితే 3,164 మంది. ఆ లెక్క వల్ల షా చేసింది తక్కువ జుల్మ్ అయిపోదు. 88 ఇళ్లల్లో దస్తర్‌ఖాన్ పరిచి చెహ్లుం చేశారంటే అదేం చిన్న సంగతి కాదు. కానీ షహీద్ నంబర్‌ను పెంచితే గానీ షహాదత్‌కు వజన్ రాదనుకోవడం, పోయిన ఆ మనుషుల పట్ల బేఅదబీ.

రెండోది ఇల్జామ్. 1978 ఆగస్టు 19న ఆబాదాన్‌లో రెక్స్ సినిమా హాలు తగలబడి దాదాపు నాలుగొందల మంది మాడిపోయారు. సావాక్ పనే అని జనం నమ్మారు. ఆ కోపంతో ఇంఖిలాబ్ నిప్పు ఇంకా పెరిగింది. తర్వాత బయటపడ్డ సాక్ష్యాలు సినిమాను హరామ్ అనుకున్న షా వ్యతిరేక కుర్రాళ్ల వైపు చూపించాయి. ఈ రెండూ మన పిల్లలకు చెప్పకుండా ఇంఖిలాబ్ ఒక్కటే చెప్తే, మనం ఇచ్చేది గవాహీ అవ్వదు, నాత్ అవుతుంది.

ఆ తర్వాత సంగతి త్వరగా చెప్తాను, ఎందుకంటే బాధ కలిగించేది త్వరగా చెప్పుకోవడమే మేలు. మార్చి ఆఖర్లో రెఫరెండం. ఇస్లామీ జమ్హూరియత్ కావాలా, వద్దా. అవును అన్నవాళ్లు 98 శాతానికి పైనే. ప్రధానమంత్రి బాజర్గాన్ పేరులో డెమోక్రటిక్ అనే మాట కూడా చేరుద్దామన్నాడు. ఖుమైనీ ఒక్క మాట ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అన్నాడు. అంతకుముందే, మార్చి 8న, ఆడవాళ్లు రోడ్డెక్కారు. ఆఫీసుల్లో తల కప్పుకోవాలని ముందురోజు వచ్చిన మాట మీద. నెలరోజుల కిందట అదే రోడ్లలో షాకు వ్యతిరేకంగా నడిచిన ఆడవాళ్లు వాళ్లు. 1983కల్లా హిజాబ్ చట్టమైంది, తప్పితే 74 కొరడా దెబ్బలు. ఆగస్టులో ఆయందెగాన్ అఖ్బార్ మూసేశారు. షా సెన్సార్ మీద హర్తాల్ చేసిన వాటిలో అదీ ఒకటి.

ఉలేమానైనా వదిలారా? 1963లో ఖుమైనీకి ఫాంసీ పడుతుందేమోనని భయమేస్తే, ఆయన ఆయతుల్లా అని గవాహీ ఇచ్చి కాపాడినవాళ్లలో షరీఅత్‌మదారీ ఒకడు. తబ్రీజ్ చెహ్లుంకు పిలుపిచ్చింది ఆయనే. ఒక్క ఫఖీహ్ చేతిలో అంత అధికారమేంటి అన్నందుకు ఆయన్ని ఇంట్లోనే ఖైద్ చేశారు. 1986లో ఆ ఖైద్‌లోనే పోయాడు. ఖుమైనీ వారసుడిగా ఎంచుకున్న ఆయతుల్లా ముంతజరీ, 1988లో జైళ్లలో వేలమంది ఖైదీలను చంపుతుంటే ఇది జుల్మ్ అని మొహం మీద చెప్పాడు. మరుసటేడు వారసత్వం పోయింది. అధికారులతో ఆయన ఆ మాటలన్న టేపు 2016లో బయటికొచ్చి ప్రపంచమంతా విన్నది. మళ్లీ క్యాసెట్టే. కానీ ఈసారి తఖ్త్ మీద ఉన్నది వీళ్లు.

ఇంకో వైపు కూడా రాయకపోతే నేనే బేఇన్సాఫీ చేసినవాణ్ని. 1980లో సద్దాం దాడి చేశాడు. ఎనిమిదేళ్లు జంగ్. ఇరానీ కుర్రాళ్ల మీద విషవాయువు వదిలితే దునియా నోరు మెదపలేదు. ఆంక్షలు ఇప్పటికీ రోగి మందు దాకా వచ్చి తగులుతున్నాయి. షా కాలంలో కూతుర్ని కాలేజీకి పంపని దీన్‌దార్ తండ్రులు ఇంఖిలాబ్ తర్వాత పంపారు. యూనివర్సిటీల్లో సగానికి పైగా అమ్మాయిలే అయిన రోజులొచ్చాయి. మా మామూ గోడ మీద ఫోటో ఊరికే వేలాడలేదు. అమ్రీకా పెట్టిన బాద్‌షాను ఖాళీ చేతుల జనం దించారన్నది అబద్ధం కాదు.

కానీ చదువుకున్న ఆ అమ్మాయిలే మళ్లీ రోడ్డు మీదికొచ్చారు. 2009 జూన్ 20న తెహ్రాన్‌లో ఎన్నికల గోల్‌మాల్ మీద నిరసనల్లో నెదా ఆగా సుల్తాన్ అనే అమ్మాయికి గోలీ తగిలింది. ఆమె పోవడం దునియా అంతా ఫోన్లలో చూసింది. జూలై 30న చెహ్లుం. ఎక్కడ? అదే బెహిష్తె జహ్రా. పువ్వులు పట్టుకుని వచ్చినవాళ్ల మీద పోలీసులు లాఠీలతో పడ్డారు. ఖుమైనీ దిగి నేరుగా వచ్చి షహీద్‌లకు సలాం చెప్పిన అదే ఖబ్రస్తాన్‌లో, ఫాతెహా చదవడానికి వచ్చినవాళ్లను తరిమారు.

2022 సెప్టెంబర్ 16న మహ్సా అమీనీ పోయింది. కుర్దిస్తాన్ నుంచి తెహ్రాన్ వచ్చిన 22 ఏళ్ల పిల్ల. హిజాబ్ సరిగా లేదని పట్టుకెళ్లారు, ఆస్పత్రి నుంచి జనాజాగా తిరిగొచ్చింది. అక్టోబర్ 26న చెహ్లుం. సఖ్ఖెజ్ ఊరి దారులు మూసేస్తే, వేలమంది పొలాల్లోంచి, రోడ్డు వెంబడి వరసగా ఖబ్రస్తాన్ దాకా నడిచారు. ఆ ఊళ్లో ఆ రోజు కూడా గోలీలు పేలాయి.

చెహ్లుం పుణ్యాన వచ్చిన హుకూమత్, చెహ్లుంకు భయపడుతోంది. ఆ లెక్క ఎటు పోతుందో వాళ్లకన్నా బాగా తెలిసినవాళ్లెవరు?

ఇప్పుడు మనింటి సంగతి. అదే 2022. ఫిబ్రవరిలో ఉడుపి కాలేజీల ముందు గేటు దగ్గర ఆడపిల్లల తల మీది గుడ్డ తీయించారు. మార్చి 15న కర్ణాటక హైకోర్టు ఆ బందీ సరేనంది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా చెప్పారు. ఆ నెలల్లో మా ఖాన్‌దాన్ గ్రూపులో రోజుకు పది పోస్టులు. ఖాలా ఏడ్చింది. ఫుప్పూ మనవరాలు స్టేటస్ పెట్టింది: "నా తల, నా మర్జీ". బాగుంది. అదే గ్రూపులో మహ్సా ఖబర్ వచ్చిన రోజు ఎవరూ కిక్కురుమనలేదు. ఆఖరికి ఒక పెద్దాయన రాశాడు: "ఇంటి మాట ఇంట్లోనే ఉండనీండి. మనల్ని కొట్టేవాళ్ల చేతికి మనమే కట్టె ఇవ్వొద్దు."

ఆయన భయం నాకు తెలుసు. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. మహ్సా కోసం కన్నీళ్లు పెట్టిన టీవీల్లో కొన్ని ఉడుపి పిల్లల్ని వెక్కిరించినవే. మనం ఒక్క మాట అంటే "చూశారా, వాళ్లే ఒప్పుకుంటున్నారు" అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ సూరె నిసాలో ఇన్సాఫ్ మీద నిలబడమన్న ఆయత్ మన పెద్దాయనకు నాకన్నా బాగా తెలుసు. అది గవాహీ సొంతవాళ్లకు వ్యతిరేకంగా పడినా ఇవ్వమంటుంది. దుష్మన్ వింటున్నాడేమో చూసుకుని ఇవ్వమనదు. మీజాన్ ఒక్కటే. ఉడుపికి ఒక రాయి, సఖ్ఖెజ్‌కు ఇంకో రాయి వేసి తూచితే, తప్పు తూకం అయ్యేది మన తరాజూయే. రేపు మన పిల్ల కోసం మనం నిలబడినప్పుడు, ఆ తూకాన్ని ఎవడు నమ్ముతాడు?

మా అమ్మాయి హిజాబ్ వేసుకుంటుంది. తనంతట తనే తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టింది. రెజా షా పోలీసుల సంగతి చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని వింది. 74 దెబ్బల సంగతి చెప్తే ఇంకాసేపు మౌనంగా ఉండి అడిగింది: "అబ్బూ, మరి ఇద్దరిలో ఎవరు మంచోళ్లు?" ఎవరి వైపో చెప్పమని కాదు బేటా, పిల్ల తల మీద చెయ్యి ఎవరిదని చూడమన్నాను. పిల్లదైతే ఇబాదత్. పోలీసోడిదైతే, లాగినా కప్పినా జుల్మే.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ఒక లాభముంది. ఇరానీల నారాలు తర్జుమా లేకుండానే అర్థమవుతాయి. 1978లో వాళ్లు రోడ్డు మీద అన్న మాటలు మూడు: ఇస్తిఖ్లాల్, ఆజాదీ, జమ్హూరీయె ఇస్లామీ. 2022లో వాళ్ల కూతుళ్లు, మనవరాళ్లు అన్న మాటలు కూడా మూడే: జన్, జిందగీ, ఆజాదీ. మొదటి మూడింట్లో ఇస్తిఖ్లాల్ వచ్చింది, అమ్రీకా మాట చెల్లని దేశమైంది. జమ్హూరీయె ఇస్లామీ కూడా వచ్చింది, పాస్‌పోర్టు మీద ముద్ర వేసుకుంది. మధ్యలో మాట మిగిలిపోయింది. తెహ్రాన్‌లో షా కట్టించుకున్న బురుజుకు ఆ మాటే పేరుగా పెట్టారు. ఫిబ్రవరి తర్వాత ఫిబ్రవరి ఆ ఆజాదీ బురుజు కిందే సర్కారు జల్సాలు జరుగుతున్నాయి, ఆ మాట కోసం పోయిన పిల్లల తల్లులు మాత్రం ఖబ్రస్తాన్ గేటు దగ్గర పోలీసులతో బతిమాలుకుంటున్నారు, నలబై రోజులైంది, ఫాతెహా చదువుకుని వెళ్లిపోతాం, లోపలికి వదలండి అని.